మైకు కాక సిరీస్ బోర్డు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఇందాక నాకన్నా ముందు మాట్లాడిన మిత్రుడు మైకు పట్టుకోగానే గుయ్‌మని చప్పుడొచ్చింది. మీరంతా చెవులు మూసుకున్నారు. సౌండు సెట్టు తమ్ముడు వచ్చి, వెనక ఒక పిన్ను తీసి మళ్ళీ గట్టిగా పెట్టాడు. చప్పుడు ఆగిపోయింది. మీకు అది అర నిమిషం ఇబ్బంది. నేను మాత్రం ఆ చప్పుడు వెంట ముప్ఫై ఏళ్ళు తిరిగాను. ఉద్యోగం ఏదైనా, ఇంటికి వచ్చాక నా పని ఆంప్లిఫయర్లు కట్టుకోవడం, స్పీకర్ పెట్టెలు చేసుకోవడం. మా ఇంటావిడ మాటల్లో చెప్పాలంటే, పనికొచ్చే పని తప్ప మిగతావన్నీ చేస్తాను.

గురువుల గురించి రెండు మాటలు చెప్పమని సంఘం వాళ్ళు అడిగారు. మన బడి సార్ల గురించి మిత్రులు చక్కగా చెప్పారు. అందుకే నేను హాజరుపట్టీ లేని గురువుల గురించి చెబుతాను. వాళ్ళలో ఒకరు మన కోహెడలోనే ఉండేవాడు. ఒకరిని హైదరాబాదులో ఒక్క రోజు చూశాను. ఇంకొకరి ముఖం ఇప్పటికీ చూడలేదు.

1986లో నేను తొమ్మిదో తరగతి. అప్పుడు మనది కరీంనగర్ జిల్లా. బస్సులు ఆగే చోటికి దగ్గర్లో ఒక మైకు సెట్టు దుకాణం ఉండేది. పెళ్ళయినా, బతుకమ్మయినా, సింగరాయ జాతరయినా, ఒగ్గు కథయినా సామాను అక్కడి నుంచే పోవాలి. దుకాణమాయన్ని ఊరంతా ‘మైకు కాక’ అనేది. ఆయన పదో తరగతి దాటలేదు. కానీ ఆంప్లిఫయరు మూత తీస్తే, డాక్టరు నాడి పట్టినట్టు చెయ్యి పెట్టకుండానే కాసేపు చూసేవాడు. ముందు చూపు, తర్వాత ముక్కు, ఆ తర్వాతే మీటరు. కాలిన రెసిస్టరు వాసన చూసి ఏది పోయిందో చెప్పేవాడు.

మా ఇంట్లో మూగబోయిన రేడియో ఒకటి పట్టుకొని ఆ దుకాణానికి పోయాను. “కాకా, బాగుచేసి ఇయ్యవా?” అన్నాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. “నేను చేస్తే రేడియో ఒక్కటే బాగైతది తమ్మీ. నువ్వు చేస్తే నువ్వు గూడ బాగైతవు. కూసో” అన్నాడు. ఆ కూర్చోవడం రెండేళ్ళు సాగింది.

ఆయన నాకు మొదట నేర్పింది టంకం పెట్టడం కాదు, సిరీస్ బోర్డు. పిల్లలు జాగ్రత్తగా వినండి, మీకు ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది. ఒక చెక్క మీద బల్బు హోల్డరు, ఒక ప్లగ్గు సాకెట్టు ఉంటాయి. మెయిన్ కరెంటు నేరుగా సెట్టుకు పోకుండా, వంద వాట్ల పాత రకం బల్బు గుండా పోవాలి. సెట్టులో ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. కరెంటును అదే అడ్డుకుంటుంది కాబట్టి సెట్టు చాలావరకు కాలకుండా బయటపడుతుంది. అంతా బాగుంటే బల్బు ఒక్కసారి మెరిసి, మసకబారుతుంది. బాగుచేసిన ప్రతి సెట్టుకూ మొదటి కరెంటు ఆ బల్బు ద్వారానే. “అది ఎలిగితే నువ్వు ఆగు. అది ఆరితే నువ్వు మొదలుపెట్టు” అనేవాడు కాక. బల్బు సెట్టును కాపాడుతుందే కాని మనిషిని కాదని కూడా చెప్పేవాడు. మూత తీసిన సెట్టులో కరెంటుండగా ఒక్క చెయ్యే పెట్టాలి, రెండో చెయ్యి వీపు వెనక ఉండాలి. ప్లగ్గు పీకినా పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, దాన్ని దించకుండా వేలు పెట్టొద్దు. ఈ మూడూ అప్పజెప్పనిదే స్టూలు మీద కూర్చోనిచ్చేవాడు కాదు.

అప్పట్లో 2ఎన్3055 అనే ట్రాన్సిస్టరు ఉండేది, ఇప్పటికీ దొరుకుతుంది. గుండ్రటి ఇనుప టోపీలా ఉంటుంది. చిత్రమేమిటంటే, దాని టోపీయే కలెక్టరు, అంటే కరెంటు ఉండే భాగం. వేడి పోవడానికి దాన్ని అల్యూమినియం హీట్ సింకుకు బిగించాలి. కానీ మధ్యలో పలుచటి మైకా రేకు పెట్టకపోతే కరెంటు మొత్తం డబ్బాలోకి దిగిపోతుంది. నేను మొదటిసారి సొంతంగా కట్టిన ఆంప్లిఫయరుకు ఆ మైకా మరిచిపోయాను. ప్లగ్గు పెట్టగానే బల్బు సూర్యుడిలా వెలిగింది. నా గుండె జారిపోయింది. కాక తల కూడా ఎత్తకుండా, “బల్బు నీ పేపరు దిద్దింది రా. మార్కులు రాలే గని కాగితం చినుగలే. మల్ల రాయి” అన్నాడు.

ఇక నా పెద్ద తప్పు గురించి చెబుతాను. మరుసటి ఏడు సద్దుల బతుకమ్మ నాడు కాక ఇంకో ఊరి పనికి పోతూ, మన ఊరి సెట్టు నాకు అప్పజెప్పాడు. నాలో గర్వం పొంగింది. రెండు పెట్టెలు చాలవనిపించి, ఇంకో రెండు తెచ్చి కలిపాను. నాలుగూ 8 ఓమ్‌ల పెట్టెలే. ఆంప్లిఫయరు వెనక ‘4 ఓమ్‌లకు తగ్గరాదు’ అని రాసే ఉంది. లెక్క మన బడిలో సారు నల్లబల్ల మీద చెప్పిందే. 8 ఓమ్‌లవి రెండు సమాంతరంగా కలిపితే 4, నాలుగు కలిపితే 2. ఓమ్ నియమం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను. అది బతుకమ్మ రాత్రి కూడా పనిచేస్తుందని మాత్రం నాకు తట్టలేదు. 20 వోల్టులు 8 ఓమ్‌ల మీద పడితే రెండున్నర ఆంపియర్లు పారతాయి. అదే 2 ఓమ్‌లయితే పది ఆంపియర్లు. ఆడవాళ్ళు రెండో పాటకు చప్పట్లు అందుకున్నారో లేదో, ట్రాన్సిస్టర్లు పోయాయి, మైకు మూగబోయింది. అక్కచెల్లెళ్ళు మైకు లేకుండానే ఆడి పాడి బతుకమ్మను సాగనంపారు. నేను మాత్రం ఆ రాత్రి ఇంటికి పోలేదు.

ఆ ఆంప్లిఫయరు కాకకు బతుకుదెరువు. ఇంకో పది రోజుల్లో దానికి రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకొని ఉన్నాడు. పొద్దున వచ్చి చూశాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. కాగితం, పెన్సిలు ఇచ్చి, “ఏమైందో లెక్క కట్టు” అన్నాడు. కట్టాను. పది ఆంపియర్ల దగ్గరికి వచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. “ఇగో, గిది నువ్వు జన్మల మరువవు. నా ట్రాన్సిస్టర్లు ఊకెనే పోలే” అన్నాడు. జేబులోంచి పైసలు తీసి, హైదరాబాదు పోయి కొత్తవి తెమ్మన్నాడు. సెట్టు కాల్చినవాడి చేతికే పైసలిచ్చి పంపాడు. నాకు జీవితంలో దొరికిన పెద్ద సర్టిఫికెట్టు అదే అనుకుంటాను.

సిద్దిపేటలో బస్సు మారి హైదరాబాదు పోయి, కోఠి చేరాను. అక్కడి గుజరాతీ గల్లీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. గజం వెడల్పు దుకాణంలో లక్ష రకాల సామాను ఉంటుంది. ఒకచోట ట్రాన్సిస్టర్లు చవగ్గా దొరికాయని సంబరపడి కొన్నాను. మైకా రేకులు, తెల్ల పేస్టు కోసం ఇంకో దుకాణానికి పోతే, అక్కడి ముసలాయన నా చేతిలో పొట్లం చూశారు. ఏమీ అనకుండా తన సొరుగులోంచి పాత 2ఎన్3055 ఒకటి తీసి నా కుడిచేతిలో పెట్టారు. నేను కొన్నది ఎడమచేతిలో పెట్టారు. ఎడమచెయ్యి తేలిపోయింది. నకిలీ సరుకులో లోపలి లోహమూ తక్కువే, సిలికాను ముక్కా చిన్నదే. పేరు అదే ఉంటుంది గాని బరువు మొయ్యలేదు. “బేటా, యే మత్ లగా” అన్నారు. తన దగ్గర ఆ రోజు అసలు సరుకు లేదట. కుర్రాణ్ణి తోడిచ్చి, అది దొరికే ఇంకో దుకాణానికి పంపించారు. రేకులకు ఆయన తీసుకున్నది చిల్లర పైసలే. ఆ చిల్లర బేరానికి ఆయన నాకు అరగంట చదువు చెప్పారు. ఆయన్ని మళ్ళీ చూడలేదు. ఇప్పటికీ ట్రాన్సిస్టరు కొంటే ముందు చేతిలో తూచి చూస్తాను.

తర్వాత పాలిటెక్నిక్, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. కొన్నేళ్ళకు ఇంటర్నెట్టు వచ్చింది. అప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. మైకు కాకలు కోహెడలోనే కాదు, లోకమంతా ఉన్నారు. పెద్ద పెద్దవాళ్ళు కూడా అదే పని చేస్తున్నారు.

ఇంగ్లండులో జాన్ లిన్స్‌లీ హుడ్ అనే ఇంజనీరు ఉండేవారు. 1969 ఏప్రిల్‌లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో పది వాట్ల ఆంప్లిఫయరు సర్క్యూట్ ప్రచురించారు. ఒక్కో చానెలుకు నాలుగే ట్రాన్సిస్టర్లు. ఎవరైనా ఇంట్లో కట్టుకోవచ్చు. తర్వాత చాలామంది దాన్ని మన 2ఎన్3055తోనే కట్టుకున్నారు. యాభై ఏళ్ళు దాటినా ఇంకా కడుతూనే ఉన్నారు.

అమెరికాలో నెల్సన్ పాస్ ఉన్నారు. 1974లో థ్రెషోల్డ్ కంపెనీని స్థాపించినవారిలో ఒకరు, 1991లో పాస్ ల్యాబ్స్ పెట్టారు. ఆయన కంపెనీ ఆంప్లిఫయరు కొనాలంటే నాలాంటివాడు పొలం అమ్ముకోవాలి. అలాంటి మనిషి 1978లోనే ‘ఆడియో అమెచ్యూర్’ పత్రికలో ఇంట్లో కట్టుకునే ఆంప్లిఫయరు డిజైను ఇచ్చారు. 1994లో శబ్దాన్ని పెంచే పనికి ఒకే ఒక్క ట్రాన్సిస్టరు వాడి ‘జెన్’ అని ఇంకోటి ఇచ్చారు. ఆ తర్వాత ఇస్తూనే ఉన్నారు. వ్యాపారస్తుడు తన సర్క్యూట్ దాచుకుంటాడని మనం అనుకుంటాం. ఈయన దాన్ని గీసి, ఎందుకు అలా గీశాడో కూడా వివరించి, కొత్తగా నేర్చుకునేవాళ్ళ ప్రశ్నలకు నవ్వుతూ నవ్విస్తూ జవాబులు చెప్పారు.

జర్మనీలో పుట్టి అమెరికాలో హ్యూలెట్-ప్యాకార్డ్‌లో పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్ ఇంకొకరు. మోత స్పీకరుకు ఏ శబ్దం పోవాలి, సన్న స్పీకరుకు ఏది పోవాలి అని విడదీసే క్రాసోవర్ పద్ధతికి ఆయన పేరు, ఆయన సహోద్యోగి రస్ రైలీ పేరు కలిపి ‘లింక్విట్జ్-రైలీ’ అంటారు. మన దగ్గర డీజే సెట్టు నడిపే పిల్లలు ప్రాసెసరులో ‘ఎల్ ఆర్ 24’ అని నొక్కుతుంటారు కదా, ఆ రెండక్షరాలు వీళ్ళవే. లింక్విట్జ్ 2018లో కన్నుమూశారు. తను చేసుకున్న స్పీకర్ల లెక్కలు, కొలతలు, చేసిన పొరపాట్లతో సహా అందరికోసం రాసి పెట్టి పోయారు.

ఇలాంటివాళ్ళు రాసినవి చదివి నేనూ క్లాస్-ఏ ఆంప్లిఫయరు కట్టాను. ఆ రకం పాట ఉన్నా లేకున్నా కరెంటు ఒకేలా తాగుతుంది, పొయ్యిలా కాగుతుంది, కానీ పాట కమ్మగా ఉంటుంది. నాది మాత్రం పాట కన్నా ముందు గుయ్‌మన్నది. రెండు నెలలు తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి ఈ విషయంలో అనుభవమున్న ఒక పెద్దాయనకు ఈమెయిలు రాశాను. రిటైరైన ఇంజనీరు, సముద్రాల అవతల ఉంటారు. నేనెవరో ఆయనకు తెలియదు. మర్నాడే జవాబొచ్చింది. అందులో పరిష్కారం లేదు, మూడు ప్రశ్నలున్నాయి. గుయ్ సన్నగా ఉందా, లావుగా ఉందా? ఇన్‌పుట్ కొసలు రెండూ కలిపేస్తే ఆగుతోందా? లోపలి వైర్లన్నీ ఎక్కడెక్కడ భూమికి కలిపావో గీసి పంపగలవా?

మన కరెంటు 50 హెర్ట్జ్. రెక్టిఫయరు దాటాక మిగిలే అల 100 హెర్ట్జ్. ఈ రెండింటికీ చెవిలో తేడా ఉంటుంది. గుయ్ 50దైతే ఒక దారి వెతకాలి, 100దైతే ఇంకో దారి. నాది 100. మూడు వారాలు ఉత్తరాలు నడిచాయి. నేను పొరపాటు కొలత పంపితే, “ఇది ఇలా ఉండే వీలు లేదు, మళ్ళీ కొలవండి” అన్నారే కాని, ఇది కూడా తెలియదా అనలేదు. ఒక విషయం దగ్గర, “ఇది నాకు తెలియదు, ఈ రాత్రి నా బల్ల మీద చేసి చూస్తాను” అని రాశారు, చేసి చూసి చెప్పారు. చివరికి దొరికింది. పాట తెచ్చే ఇన్‌పుట్ భూమి వైరును నేను రెక్టిఫయరుకూ పెద్ద కెపాసిటర్లకూ మధ్య కలిపాను. అక్కడ కరెంటు దడదడమని కొట్టుకుంటూ పారుతుంది. ఆ వైరును కెపాసిటర్లు దాటాక, నిమ్మళంగా ఉన్న చోటికి జానెడు జరిపాను. గుయ్ పోయింది. ఆ నిశ్శబ్దంలో కూర్చొని నాకు నేనే నవ్వుకున్నాను. మీకు ఏమిచ్చి రుణం తీర్చుకోను అని రాస్తే, “ఇంకొకరు అడిగినప్పుడు తొందరపడకండి, అది చాలు” అని జవాబు.

నేను తొందరపడ్డాను. ఈ మాట చెప్పడానికే ఇవాళ మైకు ముందుకు వచ్చాను.

ఆ తర్వాతి ఏడే, మన బడి పిల్లవాడు ఒకడు ఎవరి దగ్గరో నా నంబరు తీసుకొని ఫోటో పంపాడు. మసక ఫోటో, చిన్న ఆంప్లిఫయరు బోర్డు. ‘సార్ సౌండ్ వస్తలేదు’ అని రాశాడు. నేనేదో పనిలో ఉన్నాను. ‘బోర్డు మార్చు’ అని రెండు మాటలు కొట్టి పంపాను. కొలవమనలేదు. ప్లగ్గు తీశావా అని కూడా అడగలేదు. వాడు మళ్ళీ రాయలేదు. కొన్ని నెలలకు ఒక పెళ్ళికి ఊరొస్తే ఎదురుపడ్డాడు. ఏమైందిరా నీ ఆంప్లిఫయరు అన్నాను. “పాత సామాన్లకు ఏసిన సార్. నాకు వచ్చే పని కాదది” అన్నాడు. తల వంచుకొనే అన్నాడు, కోపంగా కాదు. నాకు కాక గుర్తొచ్చాడు. బతుకుదెరువు కాలిపోయిన రోజు ఆయన నాకు కాగితం, పెన్సిలు ఇచ్చాడు. నేను ఆ పిల్లవాడికి రెండు నిమిషాలు ఇవ్వలేకపోయాను. బోర్డు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ‘నాకు రాదు’ అనే మాట ఒకసారి మనసులో పడితే, దాన్ని తీయడానికి టంకం పనికిరాదు.

ఇప్పుడు చేతిలో పట్టేంత బోర్డులు చవగ్గా వస్తున్నాయి, ఈ నేర్చుకోవడాలెందుకు అనొచ్చు మీరు. నిజమే, ఆంప్లిఫయరు కోసమైతే అక్కర్లేదు. కానీ ఊహించే ముందు కొలవాలి, తప్పు జరిగితే దాచకుండా లెక్క కట్టాలి, తెలియనిది తెలియదని చెప్పాలి. వీటిని నాకు బుద్ధిగా ఉండమని చెప్పి ఎవరూ నేర్పలేదు. ఆ స్టూలు మీద కూర్చోబెట్టి నేర్పారు. అది చవగ్గా దొరికే సరుకు కాదు.

మైకు కాక ఇప్పుడు లేడు. ఆయన పోయాక దుకాణం ఖాళీ చేస్తుంటే, ఏమన్నా కావాల్నా అని వాళ్ళింటివాళ్ళు అడిగారు. నేను అడిగింది ఒక్కటే. ఇదిగో, ఈ సంచిలో తెచ్చాను. ఈ చెక్క మీద నల్లటి మరకలు చూశారా, అందులో సగం నేను పెట్టినవే. ఈ సిరీస్ బోర్డును ఇవాళ మన బడి సైన్సు గదికి ఇస్తున్నాను. దీనితో పాటు ఒక మల్టీమీటరు, రెండు టంకం కడ్డీలు. వీటితో పాటు నన్ను నేను కూడా ఇచ్చుకుంటున్నాను. హెడ్‌మాస్టరు గారు ఒప్పుకుంటే, ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున పది గంటలకు వచ్చి ఇక్కడ కూర్చుంటాను. పాడైపోయిన రేడియో, టార్చిలైటు, ఆంప్లిఫయరు, ఏదైనా తెండి. నేను బాగుచెయ్యను. మీ చేత చేయిస్తాను. మెయిన్ కరెంటు పని మాత్రం పెద్దవాళ్ళు పక్కనుంటేనే. ఆ పిల్లవాడి ఇంటికి కూడా నిన్న పోయి చెప్పి వచ్చాను. వస్తనని అనలేదు, రానని కూడా అనలేదు.

నా తోటి పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీలో మోటారు వైండింగు తెలిసినవాళ్ళున్నారు, కుట్టుపని తెలిసినవాళ్ళున్నారు, బ్యాంకు కాగితాలు తెలిసినవాళ్ళున్నారు. మిగతా ఆదివారాలు ఖాళీగానే ఉన్నాయి.

ఇంకో చిన్న కోరిక. సిరీస్ బోర్డుకు ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, లోపల తీగ కాగే పాత బల్బే కావాలి. ఇప్పుడవి దొరకడం కష్టమవుతోంది. మీ ఇళ్ళల్లో అటకల మీద, కొట్టంలో వంద వాట్ల పాత బల్బులుంటే పారేయకండి, బడికి పంపండి. కాక బల్బు ఒక్కటే మిగిలింది. అది కూడా పోతే పిల్లల పేపర్లు దిద్దడానికి ఎవరూ ఉండరు.